ముందు ఉన్నది చెప్పుండ్రి

మా బాపు తన జీవితంలో ఒక్కసారే చర్చిలో సాక్ష్యం చెప్పాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మళ్ళీ ఎవరూ ఆయన్ని అడగలేదు.

చర్చి లోపల ఎప్పుడూ కూర్చోని మిత్రుల కోసం ఒక మాట. ఈ సాక్ష్యం కోర్టులో చెప్పేది కాదు. ఆదివారం ఆరాధనలో పాటకూ వాక్యానికీ మధ్య ఎవరైనా లేచి, దేవుడు తనకు చేసిన మేలు చెప్పుకోవడం. దానికొక నడక ఉంటుంది. రోగం వచ్చింది, డాక్టర్లు చేతులెత్తేశారు, ఉపవాసముండి ప్రార్థన చేశాం, తగ్గింది, దేవునికి స్తోత్రం. అప్పులపాలయ్యాం, మోకరించాం, దారి దొరికింది, హల్లెలూయ. చిన్నప్పటి నుంచి నేను విన్న వందల సాక్ష్యాల్లో మధ్యలో ఆగిపోయింది ఒక్కటి తప్ప ఇంకోటి లేదు. తగ్గనివాళ్ళు లేచి నిలబడరు. వెనకాల చాప మీద కూర్చుని చప్పట్లు కొడతారు.

1997. పరకాల వైపు మా ఊరు. ఎకరంన్నర సొంతం, మూడెకరాలు కౌలు. అంతా పత్తే. ఆ ఏడాది సంగతి వరంగల్ జిల్లా వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. కాలం కాని కాలంలో వానలు పడ్డాయి. లద్దె పురుగు చేన్లకు చేన్లు తినేసింది. మందు కొట్టారు, మళ్ళీ కొట్టారు. కల్తీ మందో, పురుగుకు అలవాటైపోయిన మందో, పురుగు మాత్రం చావలేదు. మందు అమ్మినాయనే అప్పు ఇచ్చినాయన, పంట పట్టుకుపోయేదీ ఆయనే. ఆ చలికాలం జిల్లాలో వంద మందికి పైగా పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. కౌలుకు చేసేవాడికి పట్టా పాసుపుస్తకం ఉండదు కాబట్టి చచ్చినా రైతుగా లెక్కకు ఎక్కడం కష్టం.

బాపు కూడా మందు తాగాడు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఎంజీఎం ఆస్పత్రిలో పదకొండు రోజులున్నాడు. బతికాడు.

ఇంటికొచ్చిన నెలకు మా ఊరి చర్చిలో ఆయన్ని సాక్ష్యం చెప్పమన్నారు. చావు నోట్లోకి పోయి తిరిగొచ్చిన మనిషి, అంతకన్నా గొప్ప సాక్ష్యం ఏముంటుంది! అవ్వ ఇస్త్రీ లేని తెల్ల అంగీ ఉతికి తొడిగింది. బాపు లేచి నిలబడి ఏం చెప్పాడో ఇప్పటికీ మాటకు మాట గుర్తుంది, ఎందుకంటే మా ఇంట్లో తర్వాత ఏళ్ళ తరబడి ఆ మాటల మీదే కొట్లాట.

"అందరికి వందనాలు. నన్ను దేవుడు బతికిచ్చిండంటున్నరు. దేవుడు బతికిచ్చిండో, ఎంజీఎం డాక్టర్లు బతికిచ్చిండ్రో నాకు తెల్వదు. నేనైతే బతుకుదామని తాగలే. లేసి చూస్తే డెబ్బై రెండు వేల అప్పు అట్లనే ఉన్నది. మీదికెల్లి మిత్తి పెరిగింది. స్తోత్రం చెప్పుమంటున్నరు, నా నోట్లెకెల్లి వస్తలేదు. వచ్చిననాడు చెప్త."

కూర్చున్నాడు. ఆమెన్ అనేవాళ్ళు లేరు. పాస్టరయ్య ఒక్క క్షణం ఆగి, తర్వాత పాట ఎత్తుకున్నాడు. డోలకు అందుకుంది. పాట చాలా పెద్దగా పాడారు ఆ రోజు.

ఆ పాస్టరయ్య చెడ్డ మనిషి కాదు. మాకు ఆస్పత్రికి అన్నం పంపింది వాళ్ళిల్లే. కానీ బాపు అన్న మాటను పెట్టుకోవడానికి ఆయన ఆరాధనలో చోటు లేదు. ఒక పెద్దమనిషి మాత్రం బయట చెప్పుల దగ్గర అవ్వతో అన్నాడు, నీ పెనిమిటిలో అవిశ్వాసపు ఆత్మ ఉన్నది, ఉపవాసం పెట్టుమని. తిండి లేక పస్తులుంటున్న ఇంటికి ఉపవాసం పెట్టమని చెప్పడం! నేను ఆ మనిషిని ఇంకా పూర్తిగా క్షమించలేదు. ఇదీ నా సాక్ష్యమే అనుకోండి.

ఏడాది తిరగకముందే కౌలు వదిలేసి ఎనుమాములకు వచ్చేశాం. మార్కెట్ గోడ వెనకాల ఒక్క గది. బాపు హమాలీ, అవ్వ యార్డులో ఊడ్చే పని. ఆసియాలోనే పెద్ద మార్కెట్లలో ఒకటని మనం గొప్పగా చెప్పుకునే ఆ యార్డు, అవ్వకు మాత్రం చేతుల మంట. రాలిన మిర్చి ఊడ్చి ఏరి వచ్చిన చేతులతో అన్నం కలిపితే మాకు కూడా మండేది. బాపు పత్తి చేను పోగొట్టుకుని వచ్చి, ఇంకొకళ్ళ పత్తి బస్తాలు మోశాడు. అమ్ముకున్న రైతు తక్‌పట్టీ చేతిలో పట్టుకుని ఎటు పోవాలో తెలియక నిలబడే మొహం ఆయనకు దూరం నుంచే తెలిసేది. అలాంటి వాళ్ళ దగ్గరకు పోయి బీడీ ఇచ్చేవాడు. ఏం మాట్లాడేవాడో తెలియదు.

ఆ బస్తీలో గురువారం రాత్రి ప్రార్థన ఉండేది. ఇప్పటికీ ఉంది. చర్చి కాదు, బోర్డు లేదు, మైకు లేదు. హమాలీలు, వాళ్ళ ఆడవాళ్ళు, ఇద్దరు ముగ్గురు ఆటో నడిపేవాళ్ళు, ఒక దడ్వాయి. నడిపించేది ఒక ముసలామె. అందరికీ పెద్దవ్వే. చదువు రాదు, బైబిల్ ఎవరితోనైనా చదివించుకునేది. ఆమె పెట్టిన పద్ధతి ఒక్కటే: "ముందు ఉన్నది చెప్పుండ్రి. ఎన్కసిరి కావల్సింది అడుగుండ్రి."

ఉన్నది చెప్పడం అంటే మామూలు విషయం కాదు. చర్చిల్లో ప్రార్థన విన్నపాల చీటీలు చూడండి. 'ఆర్థిక ఇబ్బందులు', 'కుటుంబ సమాధానం', 'ఆరోగ్యం'. ఎవరి చీటీ ఎవరికైనా సరిపోతుంది. పెద్దవ్వ దగ్గర అది నడిచేది కాదు. అప్పు అంటే ఎంత? ఎవలకు? మిత్తి ఎంత? ఇంట్ల గొడవ అంటే కొట్టిండా? దగ్గు అంటే ఎన్నొద్దులసంది? నెత్తురు పడ్డదా? అంతా విని అప్పుడు కండ్లు మూసేది. దేవునికి అన్నీ తెలుసు కదా, మళ్ళీ ఎందుకు చెప్పడం అని ఒకసారి ఎవరో అంటే, "ఆయనకు తెల్సు. నీకు తెల్వాలె కదా" అన్నది.

బాపు మొదటి ఆరు నెలలు గడప దగ్గరే కూర్చున్నాడు. ఒక గురువారం తన అంకె చెప్పాడు. అప్పటికి మిత్తితో కలిపి లక్ష దాటింది. అది విని పక్కనున్నాయన తన అంకె చెప్పాడు. ఇంకొకళ్ళు చెప్పారు. అప్పుడు బయటపడింది ఏంటంటే, ముగ్గురికి అప్పిచ్చింది ఒకే మనిషి. ఒకరి దగ్గర నూటికి మూడు, ఒకరి దగ్గర నాలుగు, ఏమీ తెలియని బాపు దగ్గర ఐదు. ముగ్గురూ కలిసి పోయి మాట్లాడారు. నాలుగూ ఐదూ కూడా మూడుకు దిగాయి. అప్పు తీరలేదు. తీరడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. కానీ అప్పటి నుంచి అవ్వ రాత్రి లేచి బాపు పక్కన ఉన్నాడో లేడో తడిమి చూసుకోవడం మానేసింది.

మిర్చి దుమ్ము దగ్గు అనుకుని రెండు నెలలు ప్రార్థన చేయించుకున్న ఒకామెను, నెత్తురు సంగతి బయటికి రాబట్టి, మర్నాడే తెమడ పరీక్షకు పంపింది కూడా ఆ ప్రార్థనే. టీబీ. ఆరు నెలల మందులు వాడింది, బాగైంది. ఆమె చెప్పే సాక్ష్యంలో మందు బిళ్ళలు ఉంటాయి, దేవుడూ ఉంటాడు.

అన్నీ అట్లా జరగలేదు. ఒక ఇంట్లో పంతొమ్మిదేళ్ళ పిల్లవాడికి కామెర్లు. ఎంతో ప్రార్థన చేశారు, ఆస్పత్రులూ తిప్పారు. పోయాడు. ఆ వారం పెద్దవ్వ పాట పాడనివ్వలేదు, వాక్యం చెప్పలేదు. నన్ను పిలిచి 88వ కీర్తన చదవమంది. చదివాను. అందరూ వెళ్ళిపోయారు. అంతే ఆ రోజు ప్రార్థన.

నేను అప్పుడు ఇంటర్. ఆ కీర్తన ఎందుకు చదివించిందో ఎంఏకి వచ్చాక తెలిసింది. నూట యాభై కీర్తనల్లో దాదాపు మూడో వంతు ఫిర్యాదులే. ఎందుకు దాక్కున్నావు, ఎంతకాలం, నిద్రపోతున్నావా అని దేవుణ్ణి నిలదీసేవి. అలాంటి వాటిలో కూడా ఎక్కువ భాగం చివరికి వచ్చేసరికి ఏదో ఒక ఆశ పట్టుకుంటాయి. 88 అలా పట్టుకోదు. చీకటి దగ్గర మొదలై చీకటి దగ్గరే ఆగుతుంది. అయినా ఆ పుస్తకాన్ని కూర్చినవాళ్ళు దాన్ని తీసేయలేదు, చివర ఒక స్తోత్రం అతికించలేదు. బాపు చెప్పిన సాక్ష్యం అవిశ్వాసం కాదని, దానికి మూడు వేల ఏళ్ళకు దగ్గర వంశం ఉందని నేను ఒక లైబ్రరీ బల్ల మీద తెలుసుకున్నాను. హన్నా గుడిలో పెదాలు కదుపుతూ ఏడుస్తుంటే యాజకుడు ఏలీ ఆమె తాగి వచ్చిందనుకున్నాడు. బర్తిమయి అనే గుడ్డి బిచ్చగాడు కేకలేస్తుంటే జనం నోరు మూసుకోమన్నారు, అతను ఇంకా పెద్దగా అరిచాడు. గెత్సేమనే తోటలో యేసు, ఈ గిన్నె నాకొద్దని అడిగాడు. అడిగి దొరకలేదు. ఆయన వెంట ఉన్న ముగ్గురూ నిద్రపోయారు. ఇంత ఏడుపు ఉన్న పుస్తకాన్ని చేతిలో పెట్టుకుని మన స్వస్థత కూటాల్లో ఏడ్చేవాణ్ణి విశ్వాసం లేదని కూర్చోబెట్టడం ఎలా సాధ్యమైందో!

క్లాసులో 'గబ్బిలం' చెప్పిన ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. మేడం, జాషువా క్రైస్తవుడు కదా, మరి శివుడికి ఎందుకు కబురు పంపించాడు? మంచి ప్రశ్న. 1941లో వచ్చిన ఆ కావ్యంలో కథానాయకుడు తంజావూరు దగ్గరి అంటరానివాడు. గుడిలోకి తనకు ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. అందుకే దాని చెవిలో చెబుతాడు. దేవుడి పేరు ఏదైనా, నా లెక్కలో తెలుగులో వచ్చిన గొప్ప ప్రార్థనల్లో అదొకటి. ఆ మనిషి ముందు తనకున్నది చెబుతాడు. ఆకలి చెబుతాడు, అవమానం చెబుతాడు. పొగిడి పని చేయించుకోడు. తర్వాత కాలంలో మద్దూరి నగేష్‌బాబు తన పుస్తకానికి 'నరలోక ప్రార్థన' అని పేరు పెట్టాడు. పరలోక ప్రార్థన వచ్చిన ప్రతి దళిత క్రైస్తవుడికీ ఆ పేరులో ఉన్న పోట్లాట ఇట్టే తెలుస్తుంది.

పరలోక ప్రార్థన అంటే గుర్తొచ్చింది. మనల్ని 'బియ్యం కోసం మారినవాళ్ళు' అంటారు కదా. 1876-78 కరువులో ఒంగోలులో జాన్ క్లౌ అనే బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని మాదిగలకు కూలి పని ఇచ్చాడు. కరువు పని నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం మారారనే మాట రాకూడదని. ఆ తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మం ఇచ్చారు. మన చరిత్రకారులు ఆ ఆపిన సంగతి చూపించి, చూశారా, మనవాళ్ళు తిండి కోసం పోలేదు అని వాదిస్తారు. నాకు ఆ వాదన అవసరం అనిపించదు. తిండి కోసం పోతే తప్పేంటి? ఆకలైనవాడు అన్నం అడగడం కన్నా నిజాయితీ ఏముంది? యేసు నేర్పిన ఆ చిన్న ప్రార్థనలోనే ఏ రోజు తిండి ఆ రోజు ఇమ్మని ఉంది. ప్రార్థనలో అన్నం అడగడం మోసమైతే, ఆ ప్రార్థన నేర్పినవాడే మొదటి మోసగాడు.

నిజాయితీ గురించి ఇంత మాట్లాడుతున్నాను కదా, మనం నిజం చెప్పలేని చోటు కూడా చెప్పాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువైతేనే ఎస్సీ. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుణ్ణి కలపలేదు. మన దగ్గర బీసీ-సి. ఊర్లో చెప్పులు కుట్టమన్నప్పుడు, బావి దగ్గరకు రావద్దన్నప్పుడు ఎవరూ బాప్తిస్మం సర్టిఫికేట్ అడగలేదు. తహసీల్దార్ ఆఫీసులో మాత్రం అడుగుతారు. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు, బాప్తిస్మం తీసుకుని ఎస్సీ ప్రయోజనం అడగడం రాజ్యాంగం మీద మోసం అంది. గురువారం రాత్రి ఉన్నది చెప్పమనే పెద్దవ్వ ఒక పక్క, ఉన్నది చెబితే బిడ్డ సీటు పోతుందనే సర్కారు ఒక పక్క. మనవాళ్ళు ఈ రెంటి మధ్య డెబ్బై అయిదేళ్ళుగా బతుకుతున్నారు. నా సర్టిఫికేట్‌లో ఏముందో ఇక్కడ రాయను. రాయలేకపోవడమే నేను చెప్పదలచుకున్నది.

ఇప్పుడు మన ఇంటి సంగతి. మన కామ్రేడ్లకు ప్రార్థన అంటే నవ్వు. మతం మత్తుమందు అన్న ముక్క అందరికీ వస్తుంది, మార్క్స్ దానికి ముందు రాసిన మాటలు చాలామందికి రావు. అది కాదు నా బాధ. మన స్టడీ సర్కిళ్ళలో, సభల్లో మనం కూడా గెలిచిన సాక్ష్యాలే అడుగుతున్నాం. అవమానించారు, తిరగబడ్డాను, నిలబడ్డాను, జై భీమ్. అదే నడక. హల్లెలూయ ఒక్కటే మారింది. మధ్యలో ఆగిపోయినవాడికి మన దగ్గర కూడా వెనక చాపే. మరి అంబేద్కర్ ఏం చేశాడు? బరోడాలో పార్సీ సత్రం నుంచి గెంటేసిన రోజు, రైలుకు ఇంకా ఐదు గంటలుంటే పోవడానికి చోటు లేక కామాఠీ బాగ్‌లో కూర్చున్నానని, దిక్కులేని పిల్లల్లాగా అమ్మా నాన్నా గుర్తొచ్చారని రాసుకున్నాడు. కొలంబియాలో, లండన్‌లో చదివొచ్చిన మనిషి. ఆ ఐదు గంటల్ని ఆయన దాచుకోలేదు. మనం ఆయన విగ్రహంలో చూపుడు వేలు చూస్తాం కానీ ఆ పార్కులో కూర్చున్న మనిషిని చూడం.

బాపు దీన్ని మార్కెట్ భాషలో చెబుతాడు. యార్డులో పొద్దున జెండా పాట ఉంటుంది. ఆ రోజు వచ్చిన సరుకులో మంచి దానికి పలికిన పై రేటు. మర్నాడు పేపర్లో పడేది అదే. మిగతా బస్తాలు తేమ ఉందనో, రంగు లేదనో దానికి ఎంతో కింద పోతాయి. "సాచ్చెం అంటే జెండా పాట బిడ్డా. నా బస్త ఎంతకు పోయిందో ఎవడడుగుతడు?" అంటాడు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, పోయిన నెల ఒక అర్ధరాత్రి నా దగ్గర చదివే పిల్లవాడి నుంచి మెసేజ్ వచ్చింది. "మేడం, నా కోసం ప్రార్థన చేయండి." అంతే. చురుకైన పిల్లవాడు, మన మీటింగుల్లో పాట ఎత్తుకునేది అతనే. ప్రార్థన అనే మాట అతని నోట అంతకుముందు వినలేదు. రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మూడోసారి ఎత్తాడు. ఏమైందంటే, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు మేడం, కాలేజీ సర్టిఫికేట్లు ఇవ్వట్లేదు అన్నాడు. అది నిజమే, రాష్ట్రమంతా ఉన్న నిజం. దాని మీద నేను అప్పటికప్పుడు ఒక పోస్ట్ రాయగలను. కానీ గొంతులో ఇంకేదో ఉంది. పెద్దవ్వ అడిగినట్టే అడిగాను. ఎంత? ఎవలకు? ఎన్నొద్దులసంది?

చాలాసేపటికి చెప్పాడు. సర్టిఫికేట్లు తెచ్చుకొమ్మని వాళ్ళ నాన్న మిర్చి అమ్మి ఇచ్చిన డబ్బు ఒక బెట్టింగ్ యాప్‌లో పోగొట్టుకున్నాడు. పోయింది రాబట్టడానికి లోన్ యాప్‌లో తీసుకున్నాడు. ఇంట్లో తెలియదు. మన సర్కిల్‌లో చెబితే నవ్వుతారు. "ఫీజు కోసం సచ్చిండంటే పేరన్న ఉంటది మేడం, గిట్ల సచ్చిండంటే ఏముంటది" అన్నాడు.

ఆ మాట దగ్గర నాకు ఊపిరి ఆగింది. చావుకు కూడా జెండా పాట రేటు కావాలని అనుకునేలా మనం వాళ్ళకు నేర్పామా?

తెల్లారేదాకా ఫోన్ పెట్టలేదు. పొద్దున్నే అతని రూముకు పోయాను. 14416కి, అదే టెలీ మానస్‌కి, నా ఫోన్ నుంచే చేయించాను. తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఎత్తుతారు, డబ్బులు అడగరు. ఈ నంబర్ మీ ఫోన్లలో పెట్టుకోండి. నేను ప్రార్థనను డాక్టరుకు బదులుగా చెప్పడం లేదు, పెద్దవ్వ కూడా ఎన్నడూ చెప్పలేదు.

పెద్దవ్వ పోయి నాలుగేళ్ళవుతోంది. ఇప్పుడు గురువారం ప్రార్థన అవ్వ నడిపిస్తుంది. బాపు ఇప్పటికీ గడప దగ్గరే కూర్చుంటాడు. స్తోత్రం ఆయన నోట్లోంచి వచ్చిందా అని నేనెప్పుడూ అడగలేదు. మొన్న గురువారం ఆ పిల్లవాడు నాతో వచ్చాడు. దేవుణ్ణి నమ్మను మేడం అని దారిలో రెండుసార్లు చెప్పాడు. సరే అన్నాను. లోపలికి రాకుండా బాపు పక్కన గడప మీదే కూర్చున్నాడు. పాట అయిపోయింది. అవ్వ ఒక్కొక్కరినీ అడుగుతూ వస్తోంది. ఇతని దగ్గరకు రాకముందే బాపు మెల్లగా, మొహం చూడకుండా, బయట రోడ్డు వైపు చూస్తూ అడిగాడు.

"ఎంత, బిడ్డా?"

"ఒక లక్షా ముప్పై ఎనిమిది వేలు, తాతా."

"మిత్తెంత?"